రాయలు రోడ్డు వేశాడు, మనం షాకులు మారుస్తున్నాం

ఉదయగిరి దుర్గం గురించి మాట్లాడే వాళ్ళందరూ కృష్ణదేవరాయలు ఏడాదిన్నర పాటు ముట్టడించాడని చెప్తారు. ఆ ఏడాదిన్నరలో ఆయన ఏం చేశాడో మాత్రం పెద్దగా ఎవరూ చెప్పరు. కోట బయట డేరాలు వేసుకుని కూర్చున్నాడనుకుంటాం. 1530లలో విజయనగరంలో ఉన్న పోర్చుగీసు గుర్రాల వ్యాపారి నూనిజ్ రాసిన దాని ప్రకారం, కోట దగ్గరికి అప్పట్లో ఒకటే దారి, అదీ ఒక మనిషి వెనక ఒక మనిషి నడవాల్సినంత ఇరుకు. రాయలు ఆ బండల్ని పగలగొట్టించి, దారిని వెడల్పు చేయించి, అది చాలదని ఇంకా కొన్ని కొత్త దారులు కూడా వేయించాడు. ఆ తర్వాతే సైన్యం బురుజుల దాకా వెళ్ళగలిగింది. 1514లో కోట పడింది. బాలకృష్ణుడి విగ్రహాన్ని హంపికి తీసుకెళ్ళి 1515లో గుడి కట్టి ప్రతిష్ఠించాడు. అది వేరే కథ.

నాకు ఇక్కడ నచ్చింది ఏమిటంటే, ఇది యుద్ధం కథ కంటే ఎక్కువగా రోడ్డు కాంట్రాక్టు కథ. నేల బాగాలేకపోతే మనిషి చేయగలిగినవి రెండే. నేలని మార్చడం, లేదా బండిని మార్చడం. చేతిలో సామ్రాజ్యం ఉంది కాబట్టి రాయలు నేలని మార్చాడు. ఆ తర్వాత 500 ఏళ్ళ పాటు ఆ చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళ చేతిలో సామ్రాజ్యాలేవీ లేవు కాబట్టి వాళ్ళు బండినే మార్చుకుంటూ వచ్చారు.

ఇదంతా ఎందుకు తవ్వుతున్నానంటే, మా అక్క కొడుకు ఇంజనీరింగ్ చదువుతున్నాడు. వాళ్ళ కాలేజీ టీము ఏటీవీ తయారు చేస్తోంది. అదే, లావు టైర్లూ, బైకు హ్యాండిలో కారు స్టీరింగో ఉండి, రోడ్డు లేని చోట పరిగెత్తే బండి. "మామా, మాకు ఫాక్స్ షాకులు కావాలి, స్పాన్సర్ ని చూసిపెట్టు" అని ఫోన్ చేశాడు. ఎందుకురా అంటే "అందరూ అవే వాడుతున్నారు" అన్నాడు. మన ఆఫీసుల్లో డేటాబేసు నెమ్మదిగా ఉందనగానే ఇంకో 64 జీబీ మెమరీ అడిగే వాళ్ళు గుర్తొచ్చారు. క్వెరీ ఎక్కడ ఆగుతోందో చూశారా అంటే నోరు మెదపరు. వాడికి చెప్పాలని మొదలుపెట్టిన సంగతులే ఇవి, కాస్త పెరిగాయి.

ముందు ఎడ్లబండి. సీతారామపురం నెల్లూరు జిల్లాకి పడమటి కొస. అటు వెలికొండలు దాటితే కడప జిల్లా పోరుమామిళ్ళ, ఇటు ఉత్తరానికి పోతే చంద్రశేఖరపురం, భైరవకోన. ఎర్రమట్టి, గులకరాళ్ళు, వానొస్తే తప్ప కనపడని వాగులు. అక్కడ వందల ఏళ్ళు తిరిగిన బండికి స్ప్రింగన్నది లేదు. ఇరుసు మీద నేరుగా బండి, దాని మీద బరువు. చదువుకున్నవాళ్ళు చాలామంది దీన్ని వెనకబాటుతనం అన్నారు. లెక్కేస్తే అలా కనపడదు.

బండి చక్రం దాదాపు 5 అడుగుల ఎత్తు ఉంటుంది. అంటే కేంద్రం నుంచి అంచుకి 30 అంగుళాలు. 4 అంగుళాల రాయి అడ్డం వచ్చిందనుకోండి, చక్రం ఆ రాయిని తగిలే కోణం సుమారు 30 డిగ్రీలు. అదే రాయిని 21 అంగుళాల ఏటీవీ టైరు (అంటే పదిన్నర అంగుళాల వ్యాసార్థం) తగిలితే, టైరు నొక్కుకుపోదు అనుకుంటే, అది 52 డిగ్రీలు. మొదటిది ఎక్కడం, రెండోది ఢీకొట్టడం. పైగా ఎద్దు నడిచేది గంటకి 3, 4 కిలోమీటర్లు. ఏటీవీ అదే రాయి మీదికి 40 లో వస్తుంది. వేగం పది రెట్లయితే దెబ్బలో ఉండే శక్తి వంద రెట్లు. పెద్ద చక్రం, తక్కువ వేగం... ఇవే ఎడ్లబండి సస్పెన్షన్. వడ్రంగి చేసిన చక్రం, కమ్మరి కాల్చి తొడిగిన ఇనప పట్టా, ఇరుసుకి కందెన. చెడిపోవడానికి షాకు లేదు, కారడానికి నూనె సీలు లేదు.

ఇది పాత కాలపు ముచ్చట అనుకునే వాళ్ళకి ఇంకో బండి చూపిస్తా. 2023 ఆగస్టులో చంద్రుడి మీద దిగిన ప్రజ్ఞాన్ రోవర్. శ్రీహరికోట నుంచి వెళ్ళింది (2022 దాకా అది మా నెల్లూరు జిల్లానే, ఇప్పుడు తిరుపతి జిల్లాలో కలిపారు). 26 కిలోల బరువు, 6 చక్రాలు, రాకర్-బోగీ అనే ఏర్పాటు. నాసా వాళ్ళ జేపీఎల్ లో 1980ల చివర పుట్టిన ఆలోచన అది. అందులో కూడా స్ప్రింగులు లేవు. కీళ్ళతో కలిపిన కమ్మీలు నేలని బట్టి వంగుతాయి, అంతే. కారణం అదే, దాని వేగం సెకనుకి 1 సెంటీమీటరు. తొందర లేనివాడికి స్ప్రింగు అక్కర్లేదు.

తొందర మొదలయ్యాక కమాన్లు వచ్చాయి. 1804లో లండన్ లో ఒబడయా ఇలియట్ అనే ఆయన గుర్రపు బండికి కమాను స్ప్రింగులు పెట్టే పద్ధతికి పేటెంటు తీసుకున్నాడు. మన ఊళ్ళలో జట్కా బండి కింద ఉండేవి వాటి వారసులే. ఎడ్లబండికి లేని కమాను జట్కాకి ఎందుకుందంటే, ఎద్దు నడుస్తుంది, గుర్రం పరిగెత్తుతుంది. అదీ తేడా. ఆ తర్వాత ఎడ్లబండికీ రబ్బరు టైర్లు వేసి "టైరు బండి" చేశారు. చక్రం చిన్నదైంది, కానీ గాలి వచ్చి చేరింది. 1970లలో బెంగుళూరు ఐ.ఐ.ఎం. డైరెక్టర్ గా ఉన్న ఎన్.ఎస్. రామస్వామి గారు ఈ బండ్ల మీద, ఎద్దుల మెడ మీద పడే కాడి బరువు మీద ఏళ్ళ తరబడి పని చేశారు. మేనేజిమెంటు కాలేజీ పెద్దాయనకి ఎడ్లబండేమిటని నవ్వినవాళ్ళు ఉండే ఉంటారు. నా మటుకు నాకు, కేసు స్టడీ అంటే అదే.

జీపు సంగతి మన తరం కళ్ళారా చూసింది. రెండో ప్రపంచ యుద్ధానికి విల్లీస్, ఫోర్డ్ కలిపి 6 లక్షలకి పైగా జీపులు చేశాయి. 1940ల చివర్లో మహీంద్రా వాళ్ళు బొంబాయిలో వాటిని బిగించడం మొదలుపెట్టారు. గట్టి ఇరుసు, దాని కింద కమాను పట్టీలు. పల్లెటూళ్ళలో అది సర్వీసు బండి అయిపోయింది. 7 గురు ఎక్కాల్సిన దాంట్లో 17 మంది. బరువుకి కమాన్లు కూర్చుండిపోతుంటే ఇంకో పట్టీ వేయించేవారు. మన పల్లెల్లో జరిగిన మొదటి సస్పెన్షన్ అప్ గ్రేడు ఇదే అని నా అభిప్రాయం, ఆ పేరు ఎవరూ పెట్టలేదు గానీ. దాని ఫలితం కూడా ఆ మెకానిక్కులకి బాగా తెలుసు. "పట్టీ ఏస్తే లోడు మోస్తాది సార్, కాళీగా వచ్చేటప్పుడు మాత్రం నడుములు ఇరగ్గొడతాది." ఏ రేసింగ్ పుస్తకం తిరగేసినా స్ప్రింగు రేటు గురించి ఇంతకంటే సూటిగా చెప్పలేదు. స్ప్రింగు అనేది ఒక బరువుకి సరిపోయేది. బరువు మారితే అది తప్పు స్ప్రింగు.

ఇక అసలు ఏటీవీ. 1970లో హోండా వాళ్ళు యూఎస్90 అని మూడు చక్రాల బండి తెచ్చారు (తర్వాత దాన్నే ఏటీసీ90 అన్నారు). ఒసాము టకెయుచి అనే ఇంజనీరు తయారుచేసింది. అమెరికాలో చలికాలంలో మోటారుసైకిళ్ళు అమ్ముడుపోవు, మంచులో, ఇసుకలో నడిచే బండేదైనా ఉంటే బాగుండునని డీలర్లు అడిగితే పుట్టింది. దానికి సస్పెన్షన్ లేదు. అతి తక్కువ గాలి కొట్టిన బుడగలాంటి టైర్లే సస్పెన్షన్. టైరు బండి కిటుకే, ఇంజను పెట్టి!

కానీ గాలి టైరుతో ఒక చిక్కుంది. అది దెబ్బని మింగుతుంది, వెంటనే కక్కేస్తుంది. స్ప్రింగు ఉంది, దాన్ని ఆపే డ్యాంపరు లేదు. నెమ్మదిగా పోతే పర్లేదు, వేగంగా పోతే బంతిలా ఎగురుతుంది. ముందు ఒకే చక్రం, వెనక డిఫరెన్షియల్ లేని ఇరుసు, ఎత్తైన సీటు. 1980ల్లో అమెరికాలో ఈ బండ్ల మీద వందల మంది చనిపోయారు, వాళ్ళలో పిల్లలు చాలామంది. 1988లో ప్రభుత్వంతో కంపెనీలు కోర్టు ఒప్పందం చేసుకుని మూడు చక్రాల బండ్ల అమ్మకం ఆపేశాయి. ఆ లోపల హోండానే 1981లో ఏటీసీ250ఆర్ కి ముందూ వెనకా సస్పెన్షన్ పెట్టింది, సుజుకీ నాలుగు చక్రాల బండి తెచ్చింది. కానీ అప్పటికే లక్షల బండ్లు జనం చేతుల్లో ఉన్నాయి. సస్పెన్షన్ అంటే సుఖం, నడుం నొప్పి రాకపోవడం అనుకుంటాం గానీ, చక్రాన్ని నేలకి అంటిపెట్టుకుని ఉంచడం దాని మొదటి పని. చక్రం గాల్లో ఉన్నంత సేపూ బ్రేకూ లేదు, స్టీరింగూ లేదు.

పెద్ద మార్పు మోటోక్రాస్ బైకుల నుంచి వచ్చింది. బెల్జియం ఆయన లూసియెన్ టిల్కెన్స్ వెనక రెండు షాకులు తీసేసి, ఒకటే పొడవాటి షాకు పెట్టే పద్ధతి కనిపెట్టాడు. యమహా కొనుక్కుంది. 1973లో దాంతోనే హకన్ ఆండర్సన్ 250 సీసీ ప్రపంచ ఛాంపియన్ అయ్యాడు. ఆ దశాబ్దంలో చక్రం పైకీ కిందకీ కదిలే దూరం (దాన్నే ట్రావెల్ అంటారు) 4 అంగుళాల నుంచి 10, 12 అంగుళాలకి పెరిగింది. బాబ్ ఫాక్స్ 1974లో, కెంత్ ఓలిన్స్ 1976లో కంపెనీలు పెట్టింది ఈ ఊపులోనే. ఇద్దరూ మోటోక్రాస్ మనుషులే. ఆ లాంగ్ ట్రావెల్ ఏటీవీకి చేరింది 1985లో సుజుకీ ఎల్టీ250ఆర్ తో, ముందు చక్రాలకి విడివిడిగా రెండేసి ఏ-ఆర్ములు, వెనక స్వింగార్ముకి ఒక షాకు. నలభై ఏళ్ళయినా స్పోర్ట్ ఏటీవీ ఒళ్ళు ఇదే.

ఇక్కడ ఒక చీలిక వచ్చింది. అది తెలియకపోవడం వల్లే ఎక్కువ డబ్బు తగలబడుతుంది. మోటోక్రాస్ అంటే మనుషులు కట్టిన ట్రాకు, పెద్ద పెద్ద ఎగురుళ్ళు, 20 నిమిషాల్లో అయిపోతుంది. క్రాస్ కంట్రీ అంటే అడవి, చెట్ల వేళ్ళు, వాగులు, రాళ్ళు. అమెరికాలో జీఎన్సీసీ అనే పోటీలున్నాయి. వెస్ట్ వర్జీనియా కొండల్లో డేవ్ కూంబ్స్ పెట్టిన బ్లాక్ వాటర్ 100 నుంచి పెరిగిన సిరీస్. అందులో ఏటీవీలు 2 గంటలు ఆగకుండా పరిగెత్తాలి. మోటోక్రాస్ వాడికి బండి ఎంత వెడల్పుంటే అంత మంచిది, దొర్లదు. క్రాస్ కంట్రీ వాడు రెండు చెట్ల మధ్య దూరాలి. యమహా 2009 నాటి వైఎఫ్జెడ్450ఆర్ ని దాదాపు 49 అంగుళాల వెడల్పుతో చేసింది. మోటోక్రాస్ వాళ్ళు పండగ చేసుకున్నారు, అడవి వాళ్ళు గొణిగారు. మరుసటి ఏడాదే 46 అంగుళాలతో వైఎఫ్జెడ్450ఎక్స్ అని వేరే బండి తీయాల్సొచ్చింది. ఒకే కంపెనీ, ఒకే ఇంజను, మూడు అంగుళాల కోసం ఇంకో మోడలు. నేల అంత గట్టిగా శాసిస్తుంది.

2 గంటల పరుగులో ఇంకో శత్రువు వేడి. షాకు చేసే పనేమిటి? గతుకులోని శక్తిని నూనెలో వేడిగా మార్చడం. నూనె వేడెక్కితే పల్చబడుతుంది, నురగ కడుతుంది. మొదటి అరగంట బంగారంలా ఉన్న బండి గంట తర్వాత బంతి అయిపోతుంది, మళ్ళీ 1970కి పోయినట్టు. అందుకే పక్కన చిన్న డబ్బా లాంటి రిజర్వాయరు, అందులో నైట్రోజన్ ఒత్తిడి. నూనెకి, గ్యాసుకి మధ్య పిస్టను పెట్టి నురగ రాకుండా చేసే ఈ పద్ధతి 1950ల్లో ఫ్రాన్సులో డి కార్బన్ తెచ్చింది. క్రాస్ కంట్రీకి నేను డబ్బు పెట్టమని చెప్పే చోటు ఇదొక్కటే. మిగతా గుబ్బలు, అదే లో స్పీడు, హై స్పీడు కంప్రెషన్ అంటూ రంగురంగుల నాబ్ లు, తిప్పడం వచ్చినవాడికే. రానివాడికి అవి మన సర్వర్లలో ఎవరూ ముట్టుకోని కాన్ఫిగరేషన్ ఫైళ్ళతో సమానం.

మావాడి టీము సంగతికొస్తే, వాళ్ళు వెళ్ళేది బాజా పోటీకి. 1976లో సౌత్ కరోలినా యూనివర్సిటీలో మొదలైన విద్యార్థుల పోటీ అది. మన దేశంలో 2007 నుంచి ఎస్.ఏ.ఈ. ఇండియా వాళ్ళు నడుపుతున్నారు, ఇండోర్ దగ్గర పీతంపూర్ లో మొదలైంది. ఇందులో తమాషా ఏమిటంటే పెట్రోలు బండ్లలో ఇంజను అందరికీ ఒకటే, ముట్టుకోకూడదు. పది గుర్రాల చిన్న ఇంజను. చివర్లో 4 గంటల ఎండ్యూరెన్స్. అందరికీ ఒకే ఇంజను ఉన్నప్పుడు గెలుపోటములు బరువు, గేర్లు, సస్పెన్షన్, విరగకుండా ఉండటం మీద పడతాయి. కాబట్టి వాడి ఆరాటం తప్పు కాదు. వాడు అడిగిన వరసే తప్పు.

నేను అడిగింది మూడే. డ్రైవరుతో కలిపి బండి బరువెంత, ముందు ఎంత, వెనక ఎంత? చక్రం 10 అంగుళాలు లేస్తే షాకు ఎన్ని అంగుళాలు నొక్కుకుంటుంది? డ్రైవరు కూర్చోగానే బండి ఎంత దిగుతోంది? ఒక్కదానికీ జవాబు లేదు. షాకు బ్రాండు మాత్రం తేలిపోయింది :)

రెండో ప్రశ్న కొంచెం వివరిస్తా, ఇంజనీర్లు కూడా ఇక్కడే పప్పులో కాలేస్తారు. షాకు కదలికని చక్రం కదలికతో భాగిస్తే వచ్చేది మోషన్ రేషియో. చక్రం దగ్గర మనకి తగిలే గట్టిదనం, స్ప్రింగు గట్టిదనం గుణించు ఆ రేషియో వర్గం. రేషియో 0.7 ఉంటే 0.49, దాన్ని 0.6 చేస్తే 0.36. అంటే షాకు కింది బోల్టుని ఏ-ఆర్ము మీద కొంచెం లోపలికి జరిపితే చాలు, అదే స్ప్రింగు చక్రం దగ్గర నాలుగో వంతుకి పైగా మెత్తబడిపోతుంది. ఒక్క రూపాయి ఖర్చు లేదు. ఇదే లెక్క తిరగబడి కూడా కొడుతుంది. వెడల్పు కోసం 2 అంగుళాలు పొడుగున్న ఏ-ఆర్ములు కొని, పాత షాకులే బిగించిన వాడి బండి ముందుకు కుంగిపోతుంది. వాడు షాకు పాడైందనుకుని ఇంకో షాకు కొంటాడు. అమ్మేవాడికి పండగ.

మూడోది సాగ్. డ్రైవరు కూర్చుంటే మొత్తం ట్రావెల్ లో సుమారు పావు నుంచి మూడో వంతు దాకా దిగాలి. అసలు దిగకపోతే చక్రం గుంటలోకి జారలేదు, గుంట మీద గాల్లో తేలుతుంది. మరీ దిగితే రాయి తగలగానే అడుగుకి కొడుతుంది. కొలవడానికి కావాల్సింది ఒక టేపు, ఒక స్నేహితుడు. స్ప్రింగు మార్చకుండా ప్రీలోడ్ నట్టు బిగించి సాగ్ తెప్పించుకోవచ్చు కదా అన్నాడు మావాడు. కొంతవరకే. ఆ నట్టు బండి ఎత్తుని మారుస్తుంది, స్ప్రింగు రేటుని మార్చదు. జీపు మెకానిక్ కి ఈ తేడా చెప్పక్కర్లేదు, అతను నట్టు తిప్పడు, పట్టీ వేస్తాడు లేదా తీస్తాడు.

వాడు అడిగిన ఫాక్స్ ఫ్లోట్ షాకుల్లో స్టీలు స్ప్రింగు ఉండదు, గాలే స్ప్రింగు. తేలిక, పంపుతో ఒత్తిడి మార్చుకోవచ్చు, నొక్కేకొద్దీ గట్టిపడుతుంది. బాజాలో అంతమంది వాడటానికి కారణం ఉంది. కానీ వేడెక్కితే గాలి ఒత్తిడి పెరుగుతుంది, సీలు పోతే స్ప్రింగే పోయినట్టు. ఒక కిట్టు ఖరీదుతో ఈ పిల్లలు ఫ్రేమంతా కట్టుకోవచ్చు. మన దగ్గర చాలా టీములు బైకు షాకులకి స్ప్రింగులు మార్చి వాడుతుంటాయి. దానికి సిగ్గుపడాల్సింది ఏమీ లేదు.

రేసుల ప్రపంచంలో ఏటీవీల రోజులు కూడా కొంచెం మారుతున్నాయి. డకార్ లో 2009 నుంచి వీటికి విడిగా క్లాసు ఉండేది. అర్జెంటీనా అన్నదమ్ములు మార్కోస్, అలెహాండ్రో పత్రొనెల్లి 2010 నుంచి 2013 దాకా ఇద్దరూ పంచుకుని గెలిచారు. పోటీదారులు తగ్గిపోయి 2025 నుంచి ఆ క్లాసే తీసేశారు. మన దేశంలో ఏటీవీని రోడ్డెక్కించడానికి మామూలుగా అనుమతి ఉండదు. 2019లో పొలారిస్ వాళ్ళు ఒక మోడల్ ని ట్రాక్టరు కింద నమోదయ్యేలా తెచ్చారు. నవ్వొచ్చినా, నాకది సరైన పేరే అనిపించింది.

అలాగని వెలికొండల్లో ఎవరైనా పోటీ పెడితే బాగుండునని నేను అనను. అది అడవి, ఏటీవీ టైరు పడిన నేల కోలుకోవడానికి చాలా వానలు కావాలి. ఇంకో వైపు, మైదుకూరు నుంచి సింగరాయకొండకి పోయే 167బి జాతీయ రహదారి సీతారామపురం మీదుగానే వెళ్తుంది. రాయలు పని ఇంకా సాగుతోందన్నమాట. దాని పక్క దారుల్లో ట్రాక్టర్లు తిరుగుతుంటాయి. వెనక ఇరుసుకి స్ప్రింగు లేదు, డ్రైవరు సీటు కింద ఒక చిన్న స్ప్రింగు, అంతే. వెనక ట్రైలరు చాలావాటికి అదీ ఉండదు. గంటకి 3 కిలోమీటర్ల ఎద్దు కోసం పుట్టిన ఇరుసునే 25 లో లాక్కెళుతున్నారు. అందులో కూలీలు, పెళ్ళివాళ్ళు. రేసు బండికి పది అంగుళాల ట్రావెల్ చాలదని బాధపడే ఇంజనీర్లలో ఒక్కడైనా ఆ ట్రైలరు కిందికి దూరి చూస్తే బాగుండు.

మావాళ్ళు చివరికి బైకు షాకులే తీసుకున్నారు. రిజర్వాయరు ఉన్నవి, వాటికి మూడు రకాల గట్టిదనంతో స్ప్రింగులు చుట్టించుకున్నారు. ఏ-ఆర్ము మీద కింది బోల్టుకి ఒకటికి బదులు మూడు కంతలు పెట్టించమన్నా, పెట్టించారు. ఇప్పుడు మధ్య కంతలో నడుపుతున్నారు. సాగ్ కొలిచి వాట్సాపులో పంపించాడు. ముందు బాగానే ఉంది, వెనక ఇంకా ఎక్కువ దిగుతోంది.